‘కొనండి’ అనే బటన్ వెనక

విజయనగరంలో గేమ్ కొనడం అంటే ఏమిటో ఒకప్పుడు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. గంటస్తంభం వైపు బజారుకెళ్ళడం, పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన సీడీ తెచ్చుకోవడం, అంతే. కవర్ మీద స్కెచ్ పెన్నుతో ‘వైస్ సిటీ’ అనో ‘ఐజీఐ’ అనో రాసి ఉండేది. ఆ సీడీ ఒక ఇంట్లో ఆగేది కాదు. దాసన్నపేటలో మొదలై కంటోన్మెంట్ దాకా తిరిగి, నాలుగు గీతలు పడి, టూత్‌పేస్టు రాసి తుడిపించుకుని, మళ్ళీ సొంతదారు దగ్గరికి చేరేది. చేరకపోతే గొడవ. అది దొంగ కాపీ అన్న సంగతి అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. అసలు పెట్టె కావాలంటే విశాఖ వెళ్ళాలి. తీరా వెళ్ళి దాని ధర చూస్తే బస్సు ఛార్జీ కూడా దండగ అనిపించేది.

ఇప్పుడు ఆ బజారూ లేదు, కొత్త ల్యాప్‌టాపుల్లో సీడీ పెట్టే సందూ లేదు. గేములన్నీ ఆన్‌లైన్ స్టోర్లలోకి వెళ్ళిపోయాయి. కంప్యూటర్ గేములకి స్టీమ్, ఎపిక్, గాగ్. సెల్‌ఫోన్‌కి గూగుల్ ప్లే స్టోర్, ఐఫోన్‌కి యాప్ స్టోర్. పిల్లలున్న ఇంట్లో వీటిలో ఒక్కటైనా ఉంటుంది. మీరు డబ్బు కడుతున్నారా, మీకు తెలియకుండా మీ యూపీఐ కడుతోందా అన్నది వేరే సంగతి.

ముందు స్టీమ్ గురించి చెప్పాలి, ఎందుకంటే మిగతావాళ్ళందరూ నడుస్తున్నది అది వేసిన దారిలోనే. అమెరికాలోని వాల్వ్ అనే గేముల కంపెనీ 2003 సెప్టెంబరులో దీన్ని మొదలుపెట్టింది. అప్పటికి అది దుకాణం కాదు, తమ గేములకి మార్పులు చేర్పులు పంపించుకునే గొట్టం లాంటిది. మరుసటి ఏడాది నవంబరులో ‘హాఫ్-లైఫ్ 2’ వచ్చింది. డబ్బు పెట్టి డిస్కు కొన్నవాళ్ళు కూడా స్టీమ్‌లో పేరు నమోదు చేసుకుంటే తప్ప ఆడలేరన్నారు. చాలామందికి ఒళ్ళు మండింది. డిస్కు మన చేతిలో ఉన్నా తాళంచెవి కంపెనీ దగ్గర ఉండటం జనానికి బాగా తెలిసొచ్చింది ఆ రోజుల్లోనే. తర్వాత డిస్కూ పోయింది, తాళంచెవి మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇలా మొదలుపెట్టానని నేనీ స్టోర్లకి వ్యతిరేకిననుకోకండి. విజయనగరం లాంటి ఊరికి ఇవి చేసిన మేలు తక్కువది కాదు. 2015లో స్టీమ్ రూపాయల్లో ధరలు పెట్టడం మొదలుపెట్టింది. అంతకుముందు డాలర్లలో కట్టాలి, అంతర్జాతీయ కార్డు ఉండాలి. డిగ్రీ చదివే కుర్రాడికి ఆ కార్డు ఎవరిస్తారు? ఇప్పుడు యూపీఐతో పని అయిపోతోంది. వేసవిలో ఒకసారి, డిసెంబరు చివర్లో ఒకసారి పెద్ద తగ్గింపులు పెడతారు. పాత గేములు సినిమా టికెట్ ధరకి, ఒక్కోసారి అంతకన్నా తక్కువకీ దొరుకుతాయి. వాల్వ్ అధినేత గేబ్ న్యూయెల్ ఎప్పుడూ ఒక మాటంటాడు: దొంగ కాపీ అనేది ధర వల్ల వచ్చిన రోగం కన్నా, సరైన సేవ అందక వచ్చిన రోగమే ఎక్కువని. మా ఊరి సీడీ బజారు చూసినవాడిగా నేనైతే రెండూ సమానమే అంటాను. అయితే ఆ రెండింటికీ మందు వేసింది ఈ స్టోర్లే. దొంగ సీడీ తప్ప వేరే దారి ఎరగని ఊళ్ళో, నిజమైన గేముని నిజమైన ధరకి కొనే పిల్లలు తయారయ్యారు.

వాపసు సంగతి చూడండి. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే, కారణం ఏదైనా సరే స్టీమ్ డబ్బు తిరిగిచ్చేస్తుంది. 2015 జూన్ నుంచీ ఉన్న పద్ధతి ఇది. బజారులో సీడీ పట్టుకెళ్ళి ‘ఇది మా కంప్యూటర్లో నడవట్లేదండీ’ అంటే ‘మీ కంప్యూటరే మార్చండి’ అనేవారు. మన దగ్గర చాలా ల్యాప్‌టాపులు చదువు పేరు చెప్పి కొన్నవి, గ్రాఫిక్స్ కార్డు లేనివి. గేమ్ నడుస్తుందో నడవదో ఇంటికి తెచ్చి చూస్తే తప్ప తెలీదు. ఆ లెక్కన ఈ 2 గంటలే మన పిల్లలకి పెద్ద రక్షణ. సాయంత్రం కొనండి, రాత్రికి చూడండి, ఆగి ఆగి నడిస్తే తెల్లారేలోగా వాపసు పెట్టేయండి.

ఇంకొకటి, కంప్యూటర్ పాడైపోయినా గేమ్ పోదు. ఖాతాలోకి వెళ్ళి మళ్ళీ దించుకోవచ్చు. దించుకునేటప్పుడు మధ్యలో కరెంటు పోతే మొదటికి రాదు, ఆగిన దగ్గర్నుంచే సాగుతుంది. హుద్‌హుద్ తుపాను చూసిన జిల్లావాళ్ళం, కరెంటు రోజుల తరబడి లేకపోవడం అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. చాలా గేములు ఒకసారి దించుకున్నాక నెట్ లేకుండానూ నడుస్తాయి. చాలా, అన్నానుగానీ అన్నీ అనలేదు. ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఉచితం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎపిక్ కంపెనీ 2018 డిసెంబరులో స్టోరు తెరిచి, స్టీమ్ దగ్గర్నుంచి జనాన్ని లాక్కోవడానికి గేముల్ని ఊరికే పంచడం మొదలెట్టింది. 2020 మేలో లాక్‌డౌన్ మధ్యలో ‘జీటీఏ 5’నే ఉచితంగా ఇచ్చేసింది. జనం ఎగబడేసరికి ఆ స్టోరు కాసేపు తెరుచుకోకుండా పోయింది కూడా. గేమ్ ఉచితమే, దించుకోవడం మాత్రం ఉచితం కాదు. అలాంటి గేమ్ దగ్గర దగ్గర 100 జీబీ ఉంటుంది. సెల్‌ఫోన్ ప్యాకులో రోజుకి 2 జీబీ వస్తుందనుకుంటే, వాట్సాప్ కూడా తెరవకుండా 50 రోజులు కూర్చోవాలి. ఇంట్లో ఫైబర్ ఉండి, 40 ఎంబీపీఎస్ నిజంగా వస్తే అయిదున్నర గంటల్లో అయిపోతుంది. ఆ ‘నిజంగా’ అన్నదాని మీద నేను పందెం కాయను. ఫైబర్ ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా ఇక్కడే. సీడీ రోజుల్లో ఆ తేడా లేదు. నెట్ లేని వాడు కూడా స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకునేవాడు.

ఆ అడిగి తెచ్చుకోవడమే ఇప్పుడు కుదరట్లేదు.

నెల్లిమర్ల జూట్ మిల్లులో చేసి మానేసిన పెద్దాయన ఒకరు మా వీధిలో ఉన్నారు. ఆయనకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఇంజినీరింగ్ చదివే రోజుల్లో ట్యూషన్లు చెప్పి, ఆ డబ్బుల్లోంచి 18 గేములు కొన్నాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. కంప్యూటరు తమ్ముడికి వదిలేశాడు. తమ్ముడు గేమ్ తెరవబోతే తెర మీద కోడ్ అడుగుతుంది, ఆ కోడ్ అన్నయ్య ఫోనుకి వెళ్తుంది, అన్నయ్య డ్యూటీలో ఉంటాడు. ఒకరోజు ఆ పెద్దాయన నన్ను ఆపి అడిగారు.

“బాబూ, పద్దెనిమిది ఆటలు కొన్నానంతన్నాడు పెద్దోడు. ఇంట్లో ఎతికితే ఒక్క డబ్బా నేదు. సిన్నోడికి ఇచ్చీరా అంటే ఇవ్వడానికి అవదు నాన్నా అంతన్నాడు. కొన్నది ఇవ్వడానికి అవకపోడమేటి?”

నిజమే మరి. పాత చొక్కా తమ్ముడికొస్తుంది, సైకిలు తమ్ముడికొస్తుంది, పుస్తకాలు తమ్ముడికొస్తాయి. గేములు మాత్రం రావు. స్టీమ్ ఒప్పందంలో స్పష్టంగానే రాసి ఉంది: ఖాతా ఒకరిదే, దాన్ని అమ్మకూడదు, ఇంకొకరికి బదిలీ చెయ్యకూడదు. 2024 మేలో ఎవరో ‘నేను చనిపోతే నా గేములు వీలునామా రాసి ఇవ్వొచ్చా’ అని అడిగితే, కుదరదని స్టీమ్ నుంచి జవాబొచ్చింది. అది వార్త కూడా అయింది. 20 ఏళ్ళు కూడబెట్టిన గేములైనా అంతే.

ఎందుకంటే మనం కొన్నది గేమ్ కాదు, అనుమతి. భాష మనకి తెలిసిందే: భూమి కాదు, కౌలు. ఒకప్పుడు సంస్థానం భూములు, ఇనాములు, పట్టాల గొడవలన్నీ చూసిన ప్రాంతం మనది. దున్నుకునే హక్కు వేరు, భూమి వేరు అని మా తాతల కాలం నుంచీ తెలుసు. తేడా ఒకటే. కౌలు రైతుకి తాను కౌలుకి చేస్తున్నానని తెలుసు. ఇక్కడ మాత్రం బటన్ మీద పెద్ద అక్షరాలతో ‘కొనండి’ అని ఉంటుంది. కౌలు సంగతి కింద ఎవరూ చదవని పాతిక పేజీల ఒప్పందంలో ఉంటుంది. నాకు అభ్యంతరం కౌలు మీద కాదు, ఆ బటన్ మీద.

ఈ అభ్యంతరం నా ఒక్కడిదే కాదు. కాలిఫోర్నియా రాష్ట్రం 2024 సెప్టెంబరులో దీని మీద ఒక చట్టం చేసింది, 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అనుమతి మాత్రమే ఇస్తూ ‘కొనండి’ అన్న మాట వాడాలంటే, ఇది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి ముందే స్పష్టంగా చెప్పాలి. నెట్ అవసరం లేకుండా ఎప్పటికీ వాడుకునేలా ఫైలు దించుకోనిచ్చేవాళ్ళకి ఈ నిబంధన వర్తించదు. ఆ చట్టం అమల్లోకి రాకముందే స్టీమ్ డబ్బు కట్టే పేజీలో ఒక వాక్యం చేర్చింది. ఇన్నాళ్ళూ పాతిక పేజీల్లో దాక్కున్న సంగతి ఒక్క వాక్యంలో బయటపడింది.

అనుమతే కదా, ఎవరు వెనక్కి తీసుకుంటారులే అంటారా? తీసుకున్నారు. యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో ‘ది క్రూ’ అనే కార్ల గేమ్ అమ్మింది. ఒంటరిగా ఆడినా సరే నెట్ ఉండాల్సిందే, కంపెనీ సర్వరు పలకాల్సిందే. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు. అంతటితో ఆగలేదు, తర్వాత కొన్నవాళ్ళ ఖాతాల్లోంచి ఆ గేమ్ అనుమతుల్ని కూడా తీసేశారు. డబ్బు పెట్టినవాళ్ళ చేతిలో ఏమీ మిగల్లేదు. రాస్ స్కాట్ అనే యూట్యూబరు దీని మీద ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అని ఉద్యమం మొదలెట్టాడు. అమ్మిన గేముని ఆపేసేటప్పుడు, కొన్నవాడు తన పాట్లేవో తాను పడి ఆడుకునే ఏర్పాటు చేసి వెళ్ళండి అన్నది వాళ్ళ కోరిక. యూరప్‌లో ఆ అర్జీ మీద 10 లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. ఈ గొడవ మధ్యలోనే యూబీసాఫ్ట్ ఆ గేమ్ రెండో భాగానికి నెట్ లేకుండా ఆడే ఏర్పాటు చేస్తామని ప్రకటించింది. అంటే చెయ్యడానికి వీలుందన్నమాట.

గేమ్ ఉంటుంది, అందులో సరుకు మారిపోతుంది. ఇది ఇంకో తీరు. ‘జీటీఏ 4’లో కారెక్కితే రేడియో పాడుతుంది. ఆ పాటల హక్కులు 10 ఏళ్ళకే తీసుకున్నారు. 2018లో గడువు తీరింది, ఒక అప్‌డేట్ వచ్చింది, చాలా పాటలు పోయాయి. ‘వైస్ సిటీ’కి కూడా ఇలాగే జరిగింది, స్టోర్లలో అమ్మే కాపీలోంచి మైకేల్ జాక్సన్ పాటలు తీసేశారు. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న ఊరు మాది, ఘంటసాల చదువుకున్న చోటు. పాట పోతే ఏమవుతుందిలే అని మేం అనుకోలేం. తమాషా ఏమిటంటే, గంటస్తంభం దగ్గర కొన్న ఆ పాత సీడీ ఎవరి అటక మీదైనా ఉంటే, అందులో ఆ పాటలు ఇంకా వస్తాయి. సరైన పద్ధతిలో డబ్బు కట్టినవాడికి రావు. దొంగ సీడీని నేను సమర్థించడం లేదు. కానీ నిజాయితీగా కొన్నవాడికి తక్కువ సరుకు దొరికే ఏర్పాటు ఏ వ్యాపారంలోనూ మంచిది కాదు.

గురజాడ ‘కన్యాశుల్కం’ మొదటిసారి 1897లో అచ్చయింది. ఆ కాపీ ఎవరింట్లోనైనా చెదలు తినకుండా మిగిలి ఉంటే, ఇవాళ తెరిచి చదువుకోవచ్చు. ఏ సర్వరునీ అడగక్కర్లేదు. గేములకి ఆ భాగ్యం లేదు. అమెరికాలో వీడియో గేముల చరిత్రని భద్రపరిచే సంస్థ ఒకటి 2023లో లెక్క తీసింది: 2010కి ముందు అక్కడ విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మామూలు అమ్మకంలో ఎక్కడా దొరకవు. అదే ఏడాది మార్చిలో నింటెండో తన రెండు పాత యంత్రాల ఆన్‌లైన్ స్టోర్లని మూసేసింది. కొన్నవి మళ్ళీ దించుకోవచ్చు అన్నారు, కొత్తగా కొనడానికి మాత్రం లేదు. దుకాణం మూసేస్తే సరుకు కూడా లోకంలో లేకుండా పోవడం పుస్తకాల షాపుకి జరగదు.

ఇదంతా కంప్యూటర్లున్న వాళ్ళ గోల, మాకెందుకు అనుకునేవాళ్ళకి సెల్‌ఫోన్ కథ గుర్తుచేస్తాను. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌ని నిషేధించింది. మా వీధుల్లో అరుగుల మీద కూర్చుని తలలు వంచుకుని ఆడే కుర్రాళ్ళు ఒక్కసారిగా తలలెత్తారు. వాళ్ళ అమ్మలు సంతోషించారు. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. 2021 జులైలో అదే గేమ్ బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జులైలో అది కూడా ప్లే స్టోర్లోంచి, యాప్ స్టోర్లోంచి మాయమైంది. 2023 మేలో తిరిగొచ్చింది. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నేను చెప్పేది ఒక్కటే: గేములో చొక్కాలకీ తుపాకుల రంగులకీ డబ్బులు కట్టిన పిల్లలు రెండుసార్లు గాల్లో ఉన్నారు. వెనక్కొస్తుందా రాదా అని ఎవరినడగాలో తెలీదు. అంగడి అంటూ ఉంటే గుమ్మం ముందు నిలబడి అడుగుతారు. ఇక్కడ గుమ్మం ఏదీ?

అలాగని, స్టోరు బయట ఎక్కడెక్కడివో ఫైళ్ళు తెచ్చి ఫోనులో ఎక్కించుకోవడం ఇంకా ప్రమాదం. నిషేధం టైములో చాలామంది అదే చేశారు. గేముతో పాటు ఇంకేం వస్తుందో తెలీదు, అదే ఫోనులో బ్యాంకు యాప్ ఉంటుంది. ప్లే స్టోరు కాపలా సంపూర్ణమైనదని అననుగానీ, కాపలా లేకపోవడం కన్నా నయమే.

ఇక రెండో వైపు, గేములు తయారు చేసేవాళ్ళ సంగతి. ఇక్కడ నా మనసు స్టోర్ల వైపే ఎక్కువ మొగ్గుతుంది. చింతలవలసలోనో రాజాంలోనో ఇంజినీరింగ్ చదివే నలుగురు కలిసి ఒక గేమ్ చేశారనుకోండి. సీడీల కాలంలో అది కాలేజీ ఫెస్టు దాటి వెళ్ళేది కాదు. ఇప్పుడు 100 డాలర్లు కడితే స్టీమ్‌లో పెట్టుకోవచ్చు, అమ్మకం 1000 డాలర్లు దాటితే ఆ 100 కూడా తిరిగిస్తారు. బ్రెజిల్‌లో ఉన్నవాడు కొనొచ్చు, జపాన్‌లో ఉన్నవాడు కొనొచ్చు. ఇది ఊహ కాదు. హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న బృందం మన పురాణాల్లోని అసురుణ్ణి కథానాయకుణ్ణి చేసి ‘అసుర’ అనే గేమ్ తయారుచేసి 2017లో స్టీమ్‌లో పెట్టింది. పుణెవాళ్ళ ‘రాజీ’ 2020లో వచ్చి దేశదేశాల్లో పేరు తెచ్చుకుంది. పెద్ద పంపిణీదారు గుమ్మాల చుట్టూ తిరగకుండా ఇలాంటివి బయటికి రాగలగడం ఈ స్టోర్ల పుణ్యమే.

పుణ్యానికి రేటు ఉంది. మామూలు లెక్కలో స్టీమ్ 30 శాతం తీసుకుంటుంది. రూ.236కి గేమ్ అమ్మారనుకోండి. రూ.36 జీఎస్టీ. మిగిలిన రూ.200లో రూ.60 స్టోరుకి. రూ.140 మీకు, అందులోంచి మళ్ళీ మీ ఆదాయపు పన్ను, మీ కరెంటు బిల్లు, నలుగురి టీ ఖర్చు. ఎక్కువ అమ్మే పెద్ద కంపెనీలకి 30 కాస్తా 25కీ 20కీ దిగుతుంది. చిన్నవాడికి మాత్రం 30. రైతుబజారులో ఎక్కడైనా ఇలా చూశారా, బుట్టెడు వంకాయలు తెచ్చినవాడి దగ్గర ఎక్కువ ఆశీలు, లారీ తెచ్చినవాడికి తక్కువ? ఎపిక్ మొదటి నుంచీ 12 శాతమే తీసుకుంటోంది, 2025 నుంచి ఏడాదిలో మొదటి 10 లక్షల డాలర్ల మీద అసలు తీసుకోనంటోంది. గూగుల్ కూడా 2021 నుంచి మొదటి 10 లక్షల డాలర్లకి 15 శాతానికి దిగింది. మన కాంపిటిషన్ కమిషన్ 2022 అక్టోబరులో, ప్లే స్టోర్లో బిల్లింగ్ అంతా తన పద్ధతిలోనే జరగాలన్నందుకు గూగుల్‌కి రూ.936 కోట్లు జరిమానా వేసింది. ట్రిబ్యునల్ దాన్ని 2025లో రూ.216 కోట్లకి తగ్గించిందనుకోండి. దుకాణాలు ఎక్కువైన కొద్దీ వాటా తగ్గడం మాత్రం కనబడుతోంది. అందుకే పిల్లలు ‘అన్నీ ఒకే చోట ఉంటే బాగుంటుంది’ అన్నప్పుడల్లా నేను వద్దంటాను.

పోటీ ఒక్కటే చాలదు కూడా. 2024లో స్టీమ్‌లో 18 వేలకి పైగా కొత్త గేములొచ్చాయి, రోజుకి దగ్గర దగ్గర 50. మన నలుగురు కుర్రాళ్ళ గేము ఆ 50లో ఒకటి. తలుపు తెరిచే ఉంది, లోపల సిరిమానోత్సవం నాటి జనం.

రూపాయల్లో ధర అన్నానే, అదీ వాళ్ళ దయే. 2023 నవంబరులో అర్జెంటీనా, టర్కీ దేశాల సొంత డబ్బుని స్టీమ్ పక్కన పెట్టి డాలర్లలోకి మార్చేసింది. అక్కడి కుర్రాళ్ళకి చాలా గేముల ధరలు ఒక్క రాత్రిలో చెయ్యి దాటిపోయాయి. మనకి అలా జరుగుతుందని భయపెట్టడం లేదు. జరిగితే ఫిర్యాదు చెయ్యడానికి విజయనగరంలో కౌంటర్ ఏదీ లేదని చెబుతున్నాను.

మరి ఏం చెయ్యమంటావయ్యా అంటే, కొనమనే అంటాను. కౌలు ధర పెట్టి కొనండి, భూమి ధర పెట్టి కాదు. కొత్త గేము మొదటి రోజే పూర్తి ధరకి కొనే తొందర వద్దు. నెట్ ఉంటేనే నడిచే గేము, ఒంటరిగా ఆడేదైనా సరే, సర్వరు ఉన్నన్నాళ్ళే ఉంటుందని లెక్కేసుకోండి. ఒక గేము మీద నిజంగా ప్రేముండి, పదేళ్ళ తర్వాత కూడా ఆడాలని ఉంటే, అది గాగ్‌లో దొరుకుతుందేమో చూడండి. 2008 నుంచీ ఉన్న ఈ స్టోర్లో కాగితం మీద ఇచ్చేది అనుమతే అయినా, గేమ్ ఫైలు పూర్తిగా దించుకుని హార్డ్ డిస్కులో దాచుకోనిస్తారు, తర్వాత తాళంచెవి అడగరు. అన్ని కొత్త గేములూ అక్కడ దొరకవు, దొరికినవి దాచుకోవడం మాత్రం మన చేతిలో పని. సెల్‌ఫోనులో ప్లే స్టోరుకి వెళ్ళి, కొనేటప్పుడు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. పిల్లలు పొరపాటున కొన్నా 48 గంటల్లోపయితే గూగుల్‌ని నేరుగా వాపసు అడగొచ్చు. నెలాఖరున బ్యాంకు మెసేజ్ చూసి గుండెలు బాదుకునేకన్నా అది సులువు.

పెద్దాయన కొడుకుల సంగతికి స్టీమ్‌లోనే ఒక దారుంది. 2024 సెప్టెంబరు నుంచి స్టీమ్ ఫ్యామిలీస్ అని పెట్టారు. మొత్తం ఆరుగురు ఒక కుటుంబంగా చేరొచ్చు, ఎవరి ఖాతా వాళ్ళది, ఒకరి గేములు ఇంకొకరు ఆడుకోవచ్చు. అన్న ఒక గేమ్ ఆడుతుంటే తమ్ముడు ఇంకోటి ఆడొచ్చు, ఇద్దరూ ఒకేసారి అదే గేమ్ ఆడాలంటే రెండు కాపీలు కావాలి. తమ్ముడు మోసం చేసి ఆడి దొరికిపోతే ఆ గేములో అన్నకి కూడా నిషేధం పడుతుంది. ఇది అన్నదమ్ముల మధ్య ముందే తేల్చుకోవాల్సిన విషయం. కుటుంబం అంటే ఒకే ఇంట్లో ఉండేవాళ్ళని స్టీమ్ ఉద్దేశం. బయటికెళ్ళినవాళ్ళు ఇంకో కుటుంబంలో చేరాలంటే, పాత కుటుంబంలో చేరిన రోజు నుంచి ఏడాది గడవాలి. ఉద్యోగం కోసం ఊరొదిలిన కొడుకు ఇంటివాడా కాదా అన్న ప్రశ్న మా జిల్లాలో ప్రతి రెండో ఇంటికీ వస్తుంది, అమెరికా కంపెనీకి అది ఎలా అర్థమవుతుంది? పెద్దాయన మాత్రం, “ఆడు పండక్కీ పబ్బానికీ ఇంటికే వస్తాడు కదా బాబూ, ఇంటోడు కాకపోడమేటి” అన్నారు. సంక్రాంతికి పెద్దవాడొచ్చినప్పుడు తమ్ముడి పేరుతో వేరే ఖాతా తెరిచి పెట్టమని చెప్పాను.

దానితో పాటే ఇంకో పని చెప్పాను, అది మీ అందరికీ కూడా. ఖాతాకి ఏ ఫోన్ నంబరు ఇచ్చారో, ఏ ఈమెయిల్ ఇచ్చారో, పోతే తెచ్చుకోవడానికి స్టోరు ఇచ్చే కోడ్ ఏమిటో ఒక కాగితం మీద రాసి, బీరువాలో ఇంటి కాగితాల పక్కన పెట్టండి. ఊరు మారిన కుర్రాళ్ళు ముందు మార్చేది సిమ్మే. వాడకుండా మూణ్ణెల్లు వదిలేస్తే ఆ నంబరు రద్దయి, తర్వాత ఇంకెవరికో వెళ్తుంది. పెద్దవాడి 18 గేములూ ఇప్పటికీ కాలేజీ రోజుల్లో తీసిన సిమ్ మీదే ఉన్నాయి. ఆ సిమ్ ఎక్కడుందని ఫోన్ చేసి అడిగితే, పాత ఫోనులో ఉండాలి, ఆ పాత ఫోను అమ్మ దగ్గర ఉండాలి అన్నాడు. ఇప్పుడు వాళ్ళమ్మ దాంట్లో రీఛార్జి అయిపోకుండా చూస్తోంది.